పొట్టి క్రాపు, గడ్డము: తల్లిదండ్రులకు కొన్ని మాటలు

పాఠశాల వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుడు తల వెండ్రుకలను గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. పరీక్షాఫలితములు, గ్రంథాలయము, తెలుగు తరగతులలో పిల్లలను చేర్పించుట మొదలగు విషయములుండగా ఇదేల యని మీరడుగవచ్చును. ఈ వ్యాసమునకు కారణము మేము చేసిన యొక పొరపాటు. ముందుగా దానిని విన్నవించి, పిమ్మట విషయమునకు వచ్చెదము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సోమవారము ప్రార్థనాసమయమున పదవ తరగతి విద్యార్థి యొకడు, చర్మము కనబడునంత పొట్టిగా తల కత్తిరించుకొని వచ్చెను. అది సినిమాల ప్రభావమని మేము తలచితిమి. కారణ మడుగకయే “జుట్టు పెరిగిన తరువాత రమ్ము” అని ఇంటికి పంపివేసితిమి. మరునాడు వాని తండ్రి వచ్చెను. ఆయన తలయు అదే కొలతలో కత్తిరింపబడి యుండెను. గడ్డము మాత్రము నిండుగా, శుభ్రముగా ఉండెను. ఆయన కోపింపలేదు. “మాస్టారూ, మావాడికి పేనుకొరుకుడు వచ్చిందండీ. వెనకాల రెండుచోట్ల రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. పొట్టిగా కొట్టిస్తే అంతగా కనబడదని కొట్టించాను. వాడొక్కడే అలా ఉంటే సిగ్గుపడతాడని నేనూ కొట్టించుకున్నాను” అని చెప్పెను.

మాకు నోట మాట రాలేదు. ఆ బాలుని పిలిపించి, తండ్రి యెదుట మా తొందరపాటును ఒప్పుకొంటిమి. ఆ వారమే నిబంధనల పట్టికలో జుట్టు పొడవును గూర్చిన మాటను తీసివేసి, “జుట్టు శుభ్రముగా, కన్నులకు అడ్డు రాకుండ ఉండవలెను” అని మాత్రమే వ్రాయించితిమి. అది మొదలు తల్లిదండ్రులెవరైనను మా యొద్దకు వచ్చి, “మా పెద్దవాడు కాలేజీలో చేరినప్పటి నుండి తల గొరిగినట్లు చేయించి గడ్డము పెంచుతున్నాడు, మీరైనా మందలించండి” అని కోరినపుడెల్ల మాకు ఆ తండ్రియే జ్ఞప్తికి వచ్చును. వెండ్రుకల పొడవు శీలమునకు కొలబద్ద కాదు. ఉంచుకొన్నదానిని శ్రద్ధగా కాపాడుకొనుచున్నాడా లేదా అనునదే పెద్దలు చూడవలసిన సంగతి.

పేనుకొరుకుడు అను పేరు మనలను తప్పుదారి పట్టించును. దానికిని పేలకును సంబంధము లేదు. శరీరపు రక్షణశక్తియే పొరపాటున వెండ్రుకల కుదుళ్లపై దాడి చేయుటవలన అది కలుగును. ఒకరి నుండి మరొకరికి అంటదు. చిన్న మచ్చలుగా వచ్చినపుడు పెక్కుమందికి ఒక సంవత్సరములోపల వెండ్రుకలు మరల మొలచును. తలకు వచ్చు తామర వేరు. అది బూజుజాతి సూక్ష్మజీవివలన వచ్చునది, దువ్వెన, టోపీ, మిషను ద్వారా అంటుకొనును. పొట్టు రాలుట, వెండ్రుకలు మొదట విరిగిపోవుట దాని లక్షణములు. ఇంటిలో చూచినచో ఈ రెండును ఒకటే యనిపించును గనుక వైద్యునకు చూపవలెను.

పాత కలహము

క్రాపు అను మాటయే ఇంగ్లీషు నుండి వచ్చినది. పొట్టిగా కత్తిరించుట యని దాని యర్థము. మన పూర్వులు ముందుతల గొరిగించుకొని వెనుక జుట్టు ముడివైచుకొనెడివారు, లేదా పిలక ఉంచుకొనెడివారు. ఇంగ్లీషు చదువుల వెంట క్రాపు మన యిండ్లలో ప్రవేశించిన కాలమున, పిలక తీయించుకొని వచ్చిన కుమారులను చూచి ఎందరో తండ్రులు మండిపడిరి. నాడు తిట్లు తిన్న ఆ క్రాపే నేడు పెద్దమనిషి లక్షణముగా ఎంచబడుచున్నది.

తెల్లవారి కథయు భిన్నము కాదు. బెంగుళూరునందు బ్రిటిషువారి దండు 1809లో ఏర్పడినది. దానికి ముందు సంవత్సరము, అనగా 1808లో, సిపాయిలు వెనుక జడ వేసుకొను ఆచారము బ్రిటిషు సైన్యమున ఆజ్ఞచే రద్దయినది. అంతవరకు జడయే క్రమశిక్షణ, తరువాత పొట్టి జుట్టే క్రమశిక్షణ! ఇక గడ్డము మాట. భారత నౌకాదళమున పైయధికారి అనుమతితో గడ్డము పెంచుకొనవచ్చును, కాని దానిని చక్కగా కత్తిరించి యుంచుకొనవలెను. కావున గడ్డము క్రమశిక్షణకు విరుద్ధమని చెప్పుటకు వీలులేదు.

కొలతలు

విద్యుత్తుతో నడచు క్షౌరపు మిషనుకు అమెరికాలోని స్టెర్లింగ్ పట్టణమున లియో వాల్ అనునాయన 1919లో పేటెంటు కోరెను. నేడు క్షౌరశాలలలోను, ఇండ్లలోను ఉన్న మిషనులలో అనేకము ఆ జాతివే. మిషనుకు తగిలించు దువ్వెనలపై అంకెలుండును. ఆ అంకెను అంగుళములో ఎనిమిదవ వంతుతో గుణించినచో మిగులు వెండ్రుక పొడవు తెలియును. ఒకటవ నంబరు సుమారు 3 మిల్లీమీటర్లు, రెండవది 6, మూడవది 10, నాలుగవది 13. దువ్వెన లేకుండ నడుపుటను సున్నా నంబరందురు. కంపెనీని బట్టి కొంత భేదముండును గనుక అంకెతో పాటు మిల్లీమీటర్లను గూడ అడిగి తెలిసికొనుట మేలు.

తల వెండ్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. అనగా ఒకటవ నంబరు క్రాపు పది దినములలో రెండవ నంబరగును. పొట్టి క్రాపునకు పని తక్కువ యని యువకులు తలంచుదురు. దువ్వుకొను పని తక్కువయే, కాని కత్తిరించు పని ఎక్కువ. ఈ లెక్కను వారికి ముందే చెప్పవలెను.

ఎంపిక

ఏ కొలత నప్పునో తెలిసికొనుటకు మనకొక సులభమార్గము కలదు. మనలో అనేకులు తిరుమలకు పోయి తలనీలాలు సమర్పించి వత్తురు. వచ్చిన పది దినములకు తలపై ఉండునది ఒకటవ నంబరు. మూడు వారములకు రెండవ నంబరు దాటును. ఆ దినములలో అద్దమున చూచుకొన్నచో తల ఆకారము, పాత దెబ్బల మచ్చలు, సుడులు అన్నియు తెలియును. అట్టి అవకాశము లేనివారు మొదట నాలుగవ నంబరుతో ఆరంభించి, ఒక్కొక్క మెట్టు దిగవలెను. ఎక్కువైనదానిని తగ్గింపవచ్చును, తగ్గినదానిని అంటింపజాలము.

నడినెత్తి పలుచబడిన తండ్రులకు ఈ క్రాపు మిక్కిలి అనుకూలము. పక్కల జుట్టు ఒత్తుగా ఉన్నపుడే నడుమ పలుచదనము ఎత్తిచూపినట్లుండును. అంతయు 3 మిల్లీమీటర్లకు దించినచో ఆ భేదము చాలవరకు మరుగుపడును. పక్కజుట్టును పెంచి నెత్తిమీదికి దువ్వుకొనుటకంటె ఇది గౌరవప్రదము.

తల పొట్టిగా ఉన్నపుడు ముఖమునకు ఆకారమిచ్చునది గడ్డమే. గుండ్రని ముఖము గలవారు చెంపలపై తగ్గించి గవదవద్ద కొంచెము ఎక్కువగా ఉంచుకొనవలెను. కోలముఖము గలవారు గవదవద్ద తగ్గించి చెంపలపై నిండుగా ఉంచుకొనవలెను. చెవి ముందర తల జుట్టు గడ్డముతో కలియుచోట రెండు పొడవులును ఢీకొనరాదు. అక్కడ గడ్డమును తల జుట్టు కొలతతో ఆరంభించి, క్రిందికి వచ్చుకొలది పెంచవలెను. మెడపై హద్దు గొంతుముడికి రెండు వ్రేళ్లు పైన ఉండవలెను. దాని క్రిందిభాగమును గొరుగవలెను. గవద అంచునే హద్దుగా గీసినచో గడ్డము అతికించినట్లు కనబడును. చెంపలపై సహజముగా వచ్చిన గీతను వీలైనంతవరకు కదల్చరాదు. మీసము పైపెదవిని దాటి నోటిలోనికి రాకుండ కత్తిరింపవలెను.

చెంపలపై గడ్డము అతుకులుగా వచ్చువారు, పెంచినచో నిండునను ఆశతో నెలలు గడుపక, 3 మిల్లీమీటర్ల వద్దనే ఉంచుకొనుట మంచిది. పదునెనిమిదేండ్ల వానికి గడ్డము నిండకపోవుట లోపము కాదు. కొందరికి ఇరువది దాటిన తరువాతనే నిండును. పదేపదే గొరిగినచో ఒత్తుగా వచ్చునను నమ్మకము మన యిండ్లలో బలముగా ఉన్నది. ఆ నమ్మకముతోనే పిల్లలు లేతనూగును కత్తితో గీసికొని మొటిమలను తెంపుకొందురు. గొరుగుటవలన వెండ్రుకల లావుగాని పెరుగుదలగాని మారదని 1928లోనే అమెరికా శరీరశాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ పరిశోధించి చూపెను. వెండ్రుక కొస సహజముగా సన్నము. తెగినపుడు అది మొద్దుబారి చేతికి గరుకుగా తగులును. అంతమాత్రమే.

సంరక్షణ

క్రాపును పది లేక పదునైదు దినములకొకసారి, గడ్డమును వారమునకొకసారి సవరింపవలెను. ఇంటిలో మిషను వాడువారు జుట్టు పొడిగా ఉన్నపుడే నడుపవలెను. తడిసిన వెండ్రుక పొడవుగా కనబడి మోసగించును. వెండ్రుకలు వాలిన దిక్కునకు ఎదురుగా మిషనును పోనీయవలెను. సుడివద్ద నాలుగు దిక్కులనుండియు నడుపనిచో అక్కడ గుత్తి మిగిలిపోవును. మెడ వెనుక భాగమును మరొకరిచేత చేయించుకొనుట క్షేమము.

గడ్డము పెంచుట ఆరంభించిన రెండు మూడు వారములు దురద పుట్టును. గోళ్లతో గీరుకొనరాదు. గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, రెండు చుక్కల కొబ్బరినూనె చర్మమునకు అంటునట్లు రాయవలెను. మన నగరమున అనేక గృహములకు బోరుబావి నీరే ఆధారము. ఆ ఉప్పునీటిలో సబ్బు సరిగా నురుగక, తెట్టు కట్టి గడ్డమున నిలిచిపోవును. తుదిసారి కడుగుటకు ఒక చెంబెడు కావేరినీరో, వాననీరో వాడినచో గడ్డము మెత్తబడును. అన్నము తిన్న పిమ్మట మూతితో పాటు గడ్డమును కడుగుకొను అలవాటు ఉండవలెను.

బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలి చల్లగా ఉండుటచే ఎండ తీవ్రత మనకు తెలియదు. వెండ్రుకల నీడ తగ్గిన నెత్తి త్వరగా మాడును గనుక ఆటస్థలమున టోపీ పెట్టుకొనవలెను. ద్విచక్రవాహనము నడుపువారు శిరస్త్రాణము లోపలి గుడ్డను తరచుగా ఉతుకవలెను. పొట్టి జుట్టు చెమటను పీల్చదు, ఆ చెమట యంతయు గుడ్డకే పట్టును.

క్షౌరశాలలో

ప్రతి మనిషికి క్రొత్త బ్లేడు వేయవలెనని నిస్సంకోచముగా అడుగుడు. కంటికి కనబడని రక్తపు మరకద్వారా గూడ హెపటైటిస్ బి అంటవచ్చును. ఆ క్రిమి శరీరము వెలుపల ఏడు దినములవరకు బ్రదుకగలదు. దానికి టీకా కలదు, హెపటైటిస్ సి కి లేదు. మిషను పండ్లను గూడ ఒకరికి వాడిన పిమ్మట మందుతో తుడువవలెను. తామర ఆ మార్గముననే ప్రాకును.

అడుగునపుడు మర్యాద మరువరాదు. ఈ వ్యాసములోని సంగతులలో సగము మా వీధి క్షౌరశాల యజమాని మాకు ఓర్పుతో బోధించినవే. తెలుగునాట నాయీబ్రాహ్మణులనియు, కర్ణాటకమున సవితా సమాజమనియు పిలువబడు ఆ వృత్తివారు తరతరములుగా మన పెండ్లిండ్లకు మంగళవాద్యము వాయించినవారు, నాటువైద్యము చేసినవారు. వారి పిల్లలు మా పాఠశాలలో చదువుచున్నారు. ఆ వృత్తి పేరును ఇంటిలో తిట్టుగా వాడినచో, మీ పిల్లవాడు దానినే మరునాడు తరగతిలో తన తోటివానిపై ప్రయోగించును. ఈ సంగతిని మేము కన్నులార చూచితిమి.

తల్లిదండ్రులారా! మీ కుమారుడు ఒకనాడు క్రొత్త క్రాపుతో ఇంటికి వచ్చినపుడు మేము చేసినట్లు మీరు చేయకుడు. ముందు కారణ మడుగుడు. అది వట్టి ముచ్చటయే యైనచో, పైన చెప్పిన లెక్కలు చెప్పి, కాపాడుకొను భారము వానిపైననే ఉంచుడు. అది చేయగలిగినవానికి మరి కొన్ని బాధ్యతలును అప్పగింపవచ్చును.

మొదట చెప్పిన బాలునకు ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు ముగియునాటికి జుట్టు మరల మొలచినది. మార్కుల పత్రము తీసికొనిపోవుటకు తండ్రీకొడుకు లిరువురును వచ్చిరి. ఇద్దరి తలలును ఇంకను రెండవ నంబరులోనే యుండెను. ఇప్పుడేల యని ఈమారు మేము అడిగితిమి. “అలవాటైపోయిందండీ మాస్టారూ. ఆదివారం పూట ఒకరికొకరం కొట్టుకుంటాం” అని ఆ బాలుడు నవ్వుచు చెప్పెను.