తీగ తగ్గినా తగ్గని స్వరం

రాయచూరు జిల్లాలో సింధనూరు, మాన్వి వైపు తెలుగు క్యాంపుల్లో వినాయక చవితికి ఆర్కెస్ట్రా పెట్టారంటే, లీడ్ గిటార్ పట్టుకున్న కుర్రాడికి ఒక తిప్పలు తప్పదు. రికార్డులో అంతసేపు నిలబడి, మెలికలు తిరిగి, ఎప్పటికోగాని వదలని స్వరం తన చేతిలో రెండు క్షణాలకే చప్పబడిపోతుంది. వాల్యూమ్ పెంచితే గోల పెరుగుతుంది గాని స్వరం సాగదు. గిటార్ నాసిరకమనుకుంటాడు, తీగలు మారుస్తాడు, చివరికి తన వేళ్లనే తిట్టుకుంటాడు. ఆ సాగుడు రహస్యం సగమే గిటార్‌లో ఉంది. మిగతా సగం వెనకున్న యాంప్లిఫయర్‌లో, అందులోనూ వేలెడంత గాజు వాల్వులో ఉంది.

ముందు తీగ సంగతి. మీటినప్పుడు మనం తీగకిచ్చే శక్తి చాలా కొద్ది. చెక్క పెట్టె ఉన్న గిటార్‌లోగాని మాండొలిన్‌లోగాని ఆ పెట్టె తీగ నుంచి శక్తిని లాక్కుని గాలికి ఇస్తుంది, మనకు వినబడేది అదే. పెట్టె ఎంత గట్టిగా పలికితే తీగ అంత తొందరగా ఖాళీ అవుతుంది. గట్టిగానూ పలకాలి, చాలాసేపూ నిలవాలి అంటే కుదిరే బేరం కాదది. మాండొలిన్‌లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పొట్టి తీగలు, జంటలుగా ఎనిమిది. టింగుమని పలికి ఆరిపోతాయి. అందుకే పాశ్చాత్యులు దాన్ని గబగబా మీటుతూ వాయిస్తారు. గమకం పలకాలంటే మాత్రం ఒక్క మీటు మీదే స్వరం బతికి ఉండాలి, దాన్ని లాగాలి, ఊపాలి, జార్చాలి.

ఈ చిక్కును మనవాడొకడు విప్పాడు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, 1981లో మద్రాసులో మరొకటి. కరెంటు మాండొలిన్ మీద త్యాగయ్య కీర్తనలేమిటని గొణిగినవాళ్లు లేకపోలేదు. శ్రీనివాస్ బోలు పెట్టె వదిలేసి గట్టి చెక్క మాండొలిన్ పట్టాడు. జంట తీగలు మాన్పించి ఒంటి తీగలు ఐదు పెట్టాడు. గట్టి చెక్క తీగ శక్తిని దోచుకోదు గనక కంపనం నిలుస్తుంది. దాన్ని మన చెవికి చేర్చే పని పికప్, యాంప్లిఫయర్ చూసుకుంటాయి. పలికే పనీ నిలిచే పనీ అలా విడిపోయాయి. గొణుగుళ్లకు జవాబు ఆయన ఆనంద భైరవి లాంటి రాగాలు వాయించిన తీరులోనే దొరికింది. నా దృష్టిలో ఆ వివాదం అక్కడే ముగిసింది.

పికప్ అమెరికాలో 1931లో పుట్టింది. జార్జ్ బోషాంప్ అనే హవాయి గిటార్ వాద్యకారుడు అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టి, దానిమీదుగా ఉక్కు తీగను ఆడించాడు. ఉక్కు కదిలితే చుట్టలో కరెంటు పుడుతుంది. ఆ పికప్‌తో చేసిన మొదటి గిటార్ ఆకారాన్ని బట్టి దానికి ‘ఫ్రైయింగ్ పాన్’ అనే పేరే స్థిరపడింది. ఇంతా చేసి పికప్ ఇచ్చేది వోల్టులో పదో వంతు దరిదాపుల్లోనే. స్పీకరు ఆడాలంటే దాన్ని ఎన్నో రెట్లు పెంచాలి.

పెంచేది వాల్వు. 1904లో ఫ్లెమింగ్ రెండు కాళ్ల వాల్వు చేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ అందులో మూడోదిగా సన్నని గ్రిడ్ చొప్పించాడు. యాంప్లిఫికేషన్ అనేదానికి అక్కడే మొదలు. గిటార్ యాంప్‌లలో ఎక్కువగా కనిపించే ఈసీసీ 83 వాల్వును (అమెరికా వాళ్లకు 12ఏఎక్స్7) ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చూపుడు వేలంత గాజు, అడుగున తొమ్మిది సన్నని సూదులు, నెత్తిన లోపలివైపు అద్దంలా వెండి రంగు పూత. మిగిలిన గాలిని పీల్చేయడానికి ఆ పూత. గాలి చొరబడితే అది తెల్లగా మారిపోతుంది, పాత మెకానిక్‌లు అది చూసే వాల్వు చచ్చిందని తేలుస్తారు. ఫిలమెంటుకు 6.3 వోల్టులు ఇస్తే నారింజ రంగులో వెలుగుతుంది. వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేచి, రెండు మూడు వందల వోల్టులున్న ప్లేటు వైపు దూకుతాయి. మధ్యలో గ్రిడ్ మీద పడే చిన్న వోల్టేజీ ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. ఒకే గాజులో రెండు వాల్వులుంటాయి, ఒక్కోటి సంకేతాన్ని 50 రెట్లకు పైగా పెంచగలదు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. ‘బీఈఎల్’ అచ్చున్న పాత వాల్వుల కోసం విదేశీ గిటారిస్టులు ఇప్పటికీ వెతుకుతారు.

అసలు కిటుకు వాల్వు ఎంత పెంచుతుందన్న దానికంటే ఎక్కడ ఆగుతుందన్న దాంట్లో ఉంది. ప్లేటుకిచ్చిన వోల్టేజీని మించి సంకేతం పైకి లేవలేదు. కిందికీ అంతే, ఎలక్ట్రాన్ల ప్రవాహం గరిష్ఠానికి చేరాక ఇంకా తగ్గడానికేమీ ఉండదు. ఆ హద్దు దాటి తోస్తే అల తల తెగి చదునవుతుంది. తుంగభద్ర ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తెలిసిన లెక్కే. కాలువలో నీరు ఎంత ఎత్తున ఉన్నా తూము పట్టినంతే బోదెకు వస్తుంది. కాలువ మట్టం తగ్గుతున్నా, తూము మునిగి ఉన్నంతసేపూ పొలానికి పెద్దగా తేడా తెలియదు.

తీగకు ఈ లెక్క వేద్దాం. కంపనం క్షణానికి సగం చొప్పున తగ్గుతోందనుకోండి. మామూలు యాంప్‌లో మూడు క్షణాలకు ఎనిమిదో వంతు మిగులుతుంది. అదే, హద్దుకు 100 రెట్లు మించేలా గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) పెట్టామనుకోండి, తీగ నూరో వంతుకు పడిపోయేదాకా స్పీకరులో సద్దు దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది. అంటే ఆరు క్షణాల పైచిలుకు. తీగ ఆరిపోతూనే ఉంది, యాంప్ ఆ సంగతి బయటికి పొక్కనివ్వడం లేదు.

ఇంజినీర్ల దృష్టిలో మాత్రం ఇది లోపం. తల తెగిన అల అంటే డిస్టార్షన్, అది రాకుండా చేయడమే వాళ్ల పని. లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ సంగీత వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో, అమెరికా ఫెండర్ బాస్‌మన్ యాంప్‌ను చూసి తన మనుషులతో ఒకటి చేయించాడు. 1966లో జాన్ మేయల్ బృందంతో రికార్డింగుకు వచ్చిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, స్టేజి మీద ఎంత గట్టిగా వాయిస్తాడో స్టూడియోలోనూ అంతే వాయిస్తానని పట్టుబట్టాడు. వాల్వులు హద్దు మీద ఆడుతుండగా వచ్చిన ఆ సద్దు తర్వాత అందరికీ ప్రమాణమైంది. ఇబ్బంది ఏమిటంటే ఆ సద్దు కావాలంటే చెవులు చిల్లులు పడాలి.

దానికి మందు కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ కనిపెట్టాడు. చిన్న ఫెండర్ యాంప్‌లను విప్పి బలమైనవిగా మార్చడం అతని సరదా. అలాంటిదొకటి వాయించి చూసి గిటారిస్టు కార్లోస్ సంటానా మెచ్చుకున్న మాటలోంచే ‘బూగీ’ అన్న పేరు పుట్టిందంటారు. 1970ల మొదట్లో స్మిత్ ప్రీయాంప్‌లో, అంటే యాంప్ తొలి భాగంలో, వాల్వు మెట్లను ఒకదాని వెనక ఒకటి పేర్చి, మధ్యమధ్య వాల్యూమ్ మీటలు పెట్టాడు. హద్దు దాటడం చిన్న వాల్వుల్లోనే జరిగిపోతుంది, చివరి వాల్యూమ్ ఎంత కావాలంటే అంత. రెండు మెట్లకు 2,500 రెట్లు, మూడింటికి లక్ష దాటుతుంది. టోన్ మీటలు కొంత మింగేసినా మిగిలేది తక్కువేమీ కాదు. హై గెయిన్ యాంప్ అంటే ఇదే. సంటానా ‘యూరోపా’లో నిలిచిన స్వరాలు వినండి.

లక్ష రెట్లు పెరిగేది స్వరం ఒక్కటే అయితే బాగుండేది. ట్యూబులైటు గుర్రు, కేబులు చిటపట, వాల్వు బుస అన్నీ దానితోపాటే పెరుగుతాయి. రెండు స్వరాలు కలిపి మీటితే అవి వాల్వులో ఒకదానితో ఒకటి పెనవేసుకుని లేని స్వరాలను పుట్టిస్తాయి. ఎక్కువ స్వరాలు కలిపి మీటే పెద్ద కార్డులు బురద అవుతాయి. స-ప జంట మాత్రం బతికిపోతుంది. ఆ రెంటి కంపనాలు 2:3 నిష్పత్తిలో ఉంటాయి గనక వాటి తేడాగా పుట్టేది కింది స్థాయి షడ్జమే. రాక్ వాళ్లు పవర్ కార్డ్ అనేది మన తంబురా జంటే. ఒంటి స్వరం మీద నడిచే మన సంగీతానికి ఈ యాంప్ ఇంతగా అతకడంలో వింతేమీ లేదు.

ఎండాకాలం పంపుసెట్లన్నీ ఒక్కసారి తిరిగే వేళ రాయచూరు పల్లెల్లో లో వోల్టేజీని తిట్టుకోనివాళ్లుండరు. దాన్నే కోరి తెచ్చుకున్నవాడు రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్. 1978లో మొదటి ఆల్బమ్ వచ్చాక, తన మార్షల్ యాంప్‌కు వోల్టేజీ పెంచానని విలేకరులకు చెప్పాడు. నమ్మి పెంచినవాళ్ల యాంప్‌లు కాలాయి. నిజానికి అతను మన ల్యాబుల్లో డిమ్మర్‌స్టాట్ అనే వేరియాక్‌తో 120 వోల్టుల కరెంటును 90 దాకా దించాడు. ప్లేటు వోల్టేజీ తగ్గితే హద్దు కిందికి దిగుతుంది, తక్కువ సద్దుకే వాల్వు తల వంచుతుంది.

ఇక ఫీడ్‌బ్యాక్. మైకు స్పీకరుకు దగ్గరైతే కూత పెట్టడం పెళ్లి పందిళ్లలో అందరూ విన్నదే. గిటార్ విషయంలో స్పీకరు నుంచి వచ్చే గాలి తీగను మళ్లీ తోస్తుంది. తీగ పోగొట్టుకున్నంత శక్తి తిరిగి అందితే స్వరానికి అంతే లేదు. తోపు సరైన సమయానికి అందాలి, ఊయలను వెనక్కి వచ్చేటప్పుడు తోస్తే ఆగుతుంది కదా. 440 హెర్ట్జ్ స్వరానికి గాలిలో అల పొడవు దాదాపు 78 సెంటీమీటర్లు. స్పీకరు నుంచి 39 సెంటీమీటర్లు జరిగితే తోపు కాస్తా అడ్డవుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఏ స్వరం ఎక్కడ నిలుస్తుందో ముందే చూసుకుని స్టేజి మీద గుర్తు పెట్టుకుంటారు.

కెనడాకు చెందిన మైకేల్ బ్రూక్ స్పీకరుతో పనిలేకుండా, పికప్ సంకేతాన్ని పెంచి మరో చుట్ట ద్వారా తీగకే తిరిగి ఇచ్చాడు. ఆ ‘ఇన్ఫినిట్ గిటార్’ను యూ2 బృందంలో ఎడ్జ్ 1987 నాటి ‘విత్ ఆర్ వితవుట్ యూ’లో వాడాడు. అదే బ్రూక్ 1995లో ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేసింది మన పాలకొల్లు శ్రీనివాస్‌తోనే. ఎన్నటికీ ఆగని తీగను కనిపెట్టినవాడు, ఆగే తీగ మీద గమకం సాధించినవాడితో కలిసి వాయించడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశాడు.

ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు నాలుగు మాటలు. గెయిన్ పదికి తిప్పితే సాగుడు వస్తుందనుకోకండి. సగం దాటాక పెరిగేది ఎక్కువగా బుసే. మెడ వైపు పికప్ పెట్టండి, బాస్ తగ్గించండి, మిడ్ పెంచండి. ముందొక ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉంటే దాని డ్రైవ్ తక్కువగా, లెవెల్ ఎక్కువగా ఉంచండి. వాడని తీగలను అరచేత్తో అదిమి పెట్టండి. స్పీకరుకు ఎదురుగా నిలబడి, అడుగు అటూ ఇటూ జరిగి స్వరం ఎక్కడ పట్టుకుంటుందో వెతకండి.

సెకండ్‌హ్యాండ్ వాల్వు యాంప్ కొంటే ఇంకో రెండు జాగ్రత్తలు. స్పీకరు తగిలించకుండా ఎన్నడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా మిగిలి ఉండొచ్చు, అది ప్రాణం తీయగలదు. పెట్టె విప్పే పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.