‘అంగీకరిస్తున్నాను’ నొక్కే ముందు

మా బడుల్లో చదివిన పిల్లలు ఒకప్పుడు మగ్గానికో, మిల్లుకో, దుకాణానికో వెళ్లేవారు. ఇప్పుడు చాలామంది చేతిలో ఫోన్, వీపున డెలివరీ సంచి. ఇలాంటి పనివారు దేశంలో 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

ఈ కంపెనీల తీరే వేరు. బండి, పెట్రోలు, ఫోన్ అన్నీ పనిచేసేవారివే. ఆర్డరు ఎవరికి ఇవ్వాలో యాప్ నిర్ణయిస్తుంది. మేస్త్రీ బదులు కస్టమరిచ్చే స్టార్లు పనిని కొలుస్తాయి. కాగితం మీద ఆ అబ్బాయి ఉద్యోగి కాదు, ‘భాగస్వామి’. కాబట్టి పీఎఫ్, సెలవు జీతం అడిగే వీలు లేదు. బ్రిటన్ సుప్రీంకోర్టు ఈ మాటను ఒప్పుకోలేదు. ఊబర్ డ్రైవర్లు కార్మికులేనని, కనీస వేతనం, జీతంతో సెలవులు వారికి వర్తిస్తాయని 2021 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

మన పెద్దలకు ఇది పూర్తిగా కొత్త కాదు. షోలాపూర్ తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టారు. వెయ్యికి ఇంత అని కూలి, బాగా లేవంటే తిరస్కారం, పనిచోటు సొంత ఇల్లే. అలాంటి వారికీ 1966 బీడీ కార్మికుల చట్టం గుర్తింపు ఇచ్చింది. 1976లో బీడీల మీద సెస్ వేసి సంక్షేమ నిధి ఏర్పాటు చేశారు. ఆ నిధి నుంచి వచ్చిన స్కాలర్‌షిప్పులతో చదువుకున్న పిల్లలు ఎందరో.

ఇప్పటి చట్టాలదీ అదే దారి. 2020 సామాజిక భద్రతా కోడ్ గిగ్, ప్లాట్‌ఫాం కార్మికులను పేరు పెట్టి గుర్తించింది. కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలంది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. తమిళనాడులో సంక్షేమ బోర్డు ఉంది. కర్ణాటక 2025లో సొంత చట్టం చేసింది. పనివారికిచ్చే ప్రతి చెల్లింపుపై కంపెనీ 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము కట్టాలి. పనినుంచి తీసేయాలంటే 14 రోజుల ముందు కారణంతో నోటీసు ఇవ్వాలి. ఒప్పందం సులభమైన భాషలో ఉండాలి. ఇంగ్లీషు, కన్నడమే కాదు, పనివారికి తెలిసిన ఎనిమిదో షెడ్యూలు భాషలో కూడా ఉండవచ్చు. అందులో తెలుగూ ఉంది. అడిగితేనే అది కాగితం దాటి వస్తుంది.

టీచర్లుగా మేము చేయగలిగింది లెక్క నేర్పడం. రోజుకు రూ.900 వచ్చిందనుకుందాం. పెట్రోలు 250, బండి వాయిదా 130, డేటా 15, మరమ్మతులకు 55 తీసేస్తే మిగిలేది 450. పది గంటల పనికి గంటకు 45 రూపాయలే. తొమ్మిదో తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేస్తే పిల్లలే ప్రశ్నలు అడుగుతారు.

తల్లిదండ్రులకు మూడు మాటలు. మరొకరి ఐడీ మీద అబ్బాయిని పనికి పంపకండి. ప్రమాదం జరిగితే బీమా అడగడం కష్టమవుతుంది. ఈ-శ్రమ్‌లో నమోదు చేయించండి. రోజువారీ ఆదాయం, యాప్‌లో వచ్చిన సందేశాలు స్క్రీన్‌షాట్ తీసి దాచమనండి. ఐడీ ఆగిపోయినప్పుడు చేతిలో ఉండే సాక్ష్యం అదే.

ఒప్పందం అర్థం కాకపోతే బడికి తీసుకురండి. కలిసి చదువుదాం.