మార్చి 31 నిల్వ కాదు, మూడు నెలల సగటు

ఆరేళ్లుగా నాకు షుగర్ ఉంది. డాక్టరు గారి దగ్గరికి వెళ్లే ముందు నేనో కిటుకు పాటించేవాణ్ణి. నాలుగు రోజుల ముందు నుంచి స్వీట్లు బంద్, రాత్రి రెండు పుల్కాలే, పొద్దున్నే నడక. పరగడుపు పరీక్షలో 115 దరిదాపుల్లో వచ్చేది. అదే సాయంత్రం మళ్లీ మిర్చి బజ్జీలు, పంచదార వేసిన టీ.

కిందటేడు కొత్త డాక్టరు గారు హెచ్‌బీఏ1సీ కూడా చేయించమన్నారు. పరగడుపు 118 వచ్చింది. ఇది మాత్రం 8.4 శాతం! ల్యాబు వాళ్లు పొరబడ్డారేమో అన్నాను. ఆయన నవ్వి, "మీరు బ్యాంకులో పనిచేస్తారు కదా! మార్చి 31 నిల్వ చూసి ఖాతా ఎలా నడిచిందో చెప్పగలరా? సగటు నిల్వ చూడరూ?" అన్నారు.

ఆ మాటతో విషయం బోధపడింది. రక్తంలోని చక్కెర కొంత ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. చక్కెర ఎక్కువగా ఉంటే ఎక్కువ అంటుకుంటుంది. ఆ కణం బతికేది సుమారు 120 రోజులు. అన్నాళ్లూ ఆ చక్కెర దాన్ని వదలదు. కాబట్టి ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. అందులోనూ చివరి నెల వాటా ఎక్కువ. నా 8.4 అంటే సగటున 194 మిల్లీగ్రాములన్నమాట. నాలుగు రోజుల పథ్యం దాన్ని దాచలేకపోయింది.

అంకెలు గుర్తుంచుకోవడం సులువే. 5.7 కంటే తక్కువైతే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు ముందస్తు హెచ్చరిక. 6.5, ఆపైన మధుమేహం. లక్షణాలేమీ లేకపోతే మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్లలో చాలామందికి 7 లోపు ఉంచుకోవడం లక్ష్యం. వయసు, ఇతర జబ్బులను బట్టి డాక్టరు దాన్ని మారుస్తారు. దీనికి పరగడుపున వెళ్లనక్కర్లేదు. 1968లో ఇరాన్‌కు చెందిన శామ్యూల్ రహ్బర్ మధుమేహ రోగుల రక్తంలో ఈ తేడాను గమనించారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని రోగనిర్ధారణకూ అంగీకరించింది.

అయితే ఈ సగటు కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. నాతోపాటు మా ఆవిడా చేయించుకుంటే 6.6 వచ్చింది. ఆ రాత్రి తనకు నిద్ర లేదు. డాక్టరు గారు మందు రాయలేదు. ముందు హిమోగ్లోబిన్ చూశారు, 8.9 ఉంది. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనతలో ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపవచ్చట. పరగడుపున, భోజనం తర్వాత చేసిన చక్కెర పరీక్షలు రెండూ మామూలుగానే వచ్చాయి. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు వాడాక చూస్తే 5.6! ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు, తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు కూడా దీన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

నా సంగతికొస్తే, ఇంటికి ఆలస్యంగా వచ్చి రాత్రి మాత్ర మరిచిపోవడమే అసలు లోపమని తేలింది. ఇప్పుడు మాత్రల డబ్బా కంచం పక్కనే ఉంటుంది. బ్రాంచిలో టీ పంచదార లేకుండానే. మూడు నెలల తర్వాత 7.3 వచ్చింది. ఇంకా దిగాలి.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, అదుపులో ఉంటే ఏడాదికి రెండుసార్లు, లేకపోతే మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయించండి. రిపోర్టులు వరుసగా ఒక ఫైల్లో పెట్టండి. పాస్‌బుక్కులా ఒకదాని పక్కన ఒకటి చూస్తేనే మన నడక తెలుస్తుంది.