బ్రేకును మెల్లగా ఏల బిగింపవలెను?

వేడి పాత్రను తాకిన చేయి తటాలున వెనుకకు వచ్చుట వెన్నుపాము నడుపు అసంకల్పిత ప్రతీకార చర్య. మెదడు బాధ నెరుగక పూర్వమే అది జరిగిపోవును. మోటారు సైకిలుపై పోవువాడు దారికడ్డముగా వచ్చిన గేదెను చూచి బ్రేకు పట్టుట అట్టిది కాదు: కన్ను చూడవలెను, మెదడు నిర్ణయింపవలెను, పిదప వ్రేళ్లు కదలవలెను. దీనికి ఒక్క సెకను పట్టినను, గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి బ్రేకు పడకమునుపే సుమారు 17 మీటర్లు సాగిపోవును.

అంతట భయముచే ముందు బ్రేకును ఒక్క పెట్టున నొక్కిన నేమగును? వేగము తగ్గునపుడు భారము వెనుక చక్రమునుండి ముందు చక్రముపైకి మరలును. ఆ భారము చేరినకొలదిని ముందు టైరునకు నేలపై పట్టు హెచ్చును. భారము చేరకయే బిగించినచో, ముఖ్యముగా తొలకరి చినుకులకు తడిసిన తారు రోడ్డుపై, చక్రము తిరుగుట మాని జారును. బండి నిమిషములో కాదు, రెప్పపాటున నేలకొరుగును. కావున నేర్పరి మృదువుగా నారంభించి, క్రమముగా, అయినను ఆలస్యము లేక, బలము హెచ్చించును. ఈ నేర్పు పుస్తకమువలన రాదు. శిక్షకుని యెదుట, నిర్జనమైన మైదానమున పలుమారు సాధన చేయగా, చిన్నమెదడు ఆ యొత్తిడి కొలతను క్రమముగా సవరించుకొని, తలపకయే వ్రేళ్లచే చేయించును.