కాలువగట్టు కుదుపులును, కారునకు విద్యుత్పరికరమును

కోనసీమలో కాపురము చేయు సోదరీమణులకు కాలువగట్టు రోడ్డు ఎట్లుండునో నేను వర్ణింపనక్కఱలేదు. ఇతరులకు మాత్రము రెండు మాటలు చెప్పవలసియున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాటన్ దొరగారి కాలువలు ఈ సీమనెల్ల సస్యశ్యామలము గావించినవి. ఆ కాలువల గట్లే నేటికిని పెక్కుచోట్ల మాకు బాటలు. గట్టు క్రింద నుండునది బంకపాలు హెచ్చుగా గల నల్లమన్ను. వానకు నీరు పీల్చి ఉబ్బును. వేసవికి బీటలువాఱి క్రుంగును. పైన ఎంత చక్కగా తారు పోసినను కొలదికాలమునకే అది నలిగిన చీరవలె అలలు దేఱును. గోతులను పూడ్చవచ్చును గాని అలలను పూడ్చుట యెట్లు?

మా అత్తగారికి క్రిందటి సంవత్సరము వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగినది. నెలకొకమాఱు రాజమహేంద్రవరములోని వైద్యునికి చూపవలయును. మా గ్రామమునుండి కాలువగట్టు వెంట రావులపాలెము చేరి, జొన్నాడ వంతెన దాటి, వేమగిరి మీదుగా పోవుదుము. రావులపాలెము చేరులోపలనే ఆమె నా చేయి గట్టిగా పట్టుకొని కన్నుల నీరు నింపుకొనెడివారు. మూడవ నెలలో మంచము దిగనే లేదు. "నేనింక రానే అమ్మాయి. నొప్పితో ఇక్కడే పడివుంటాను. ఆ కారుకంటె మా పుట్టింటి గూడుబండి నయం" అనిరి. వైద్యము మానినచో ఆమె నడక మానినట్లే యని వైద్యుడు మావారితో స్పష్టముగా చెప్పియున్నాడు.

గూడుబండి మాటలో నిజము లేకపోలేదు. బండిలో జానెడు మందమున ఎండుగడ్డి పఱచి, దానిపై బొంత వేసెడివారు. ఇరుసు దెబ్బ చాలవఱకు గడ్డిలో అణగిపోయెడిది. ఈ రాజమహేంద్రవరముననే నన్నయగారు తెనిగించిన నలోపాఖ్యానమున, బాహుకుడు తోలు రథమునుండి ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడినదని చెప్పులోపల రథము ఎంతో దూరము దాటిపోయినది. ఆ వేగమునకు మహారాజుగారి నడుము ఏమైనదో మాత్రము ఎవరును అడిగినట్లు లేదు.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. మా కారు పాతది. హైదరాబాదులో నుద్యోగము చేయు మా మఱది ఈ సంగతి విని, "వదినా, లోపల కూర్చుండియే కారు మెత్తదనమును మార్చుకొను పరికరమున్నది. అమర్చింతము" అనెను. వెల విని నేను జంకితిని. మావారి రెండు నెలల జీతమునకు మించియున్నది. ఆ సొమ్ము మా అమ్మాయి పై చదువునకై దాచినది. కావున కొనుటకు ముందు అది ఏమి చేయునో తెలిసికొనవలయునని పట్టుపట్టితిని.

స్ప్రింగును షాక్ అబ్జార్బరును ఒకటే యని నేను ఇదివఱకు అనుకొంటిని. కాదు. కారు బరువును మోయునది స్ప్రింగు. చక్రము మిట్ట నెక్కినపుడు అది నలిగి దెబ్బను తనలో దాచుకొనును. కాని దాచుకొన్నదానిని వెంటనే తిరిగి ఇచ్చివేయును. దానినొక్కదానినే నమ్మినచో ఒక్క గోతికి కారు ఉయ్యెలవలె పలుమార్లు ఊగును. ఆ ఊపును చంపునది షాక్ అబ్జార్బరు. జంతికల గొట్టమును తలచుకొనుడు. బిళ్లకు చిల్లులు సన్ననివైనచో చేయి నొప్పిపుట్టునట్లు అదుమవలయును. వెడల్పైనచో పిండి సులువుగా దిగును. ఇదియు నట్టి గొట్టమే. పిండికి బదులు ఇందు నూనె యుండును. చక్రము ఎగిరి పడునపుడు లోపలి బిళ్ల నూనెలో క్రిందుమీదుగా కదలును. నూనె చిల్లులగుండ దూరలేక దూరుచు ఊపులోని శక్తిని వేడిగా మార్చివేయును.

సామాన్యముగా ఆ దారి వెడల్పు కర్మాగారములోనే నిర్ణయమైపోవును. మార్చుకొనదగిన రకమునకు పైన ఒక చిన్న మర యుండును. దానిని త్రిప్పినచో లోపలి సూది నూనె దారిని ఇఱుకుగనో వెడల్పుగనో చేయును. చేతితో త్రిప్పవలెనన్న ప్రతిమాఱు కారు దిగి నాలుగు మూలలకు పోవలయును. ఆ మరల తలపై చిన్న విద్యుత్ మోటార్లు బిగించి, తీగలను లోనికి తెచ్చి, తోలువారి ముందొక పెట్టె నుంచుటయే ఈ పరికరము. మీట నొక్కినచో నాలుగు మరలును మెట్టుమెట్టుగా తిరుగును.

ఇది నిన్న మొన్నటి యూహ కాదు. 1983లోనే జపానులో టయోటావారు సోరర్ అను కారునకు విద్యుత్తుతో మార్పుచెందు షాక్ అబ్జార్బర్లను పెట్టిరి. 2002 నాటికి అమెరికాలో కాడిలాక్ కారునకు మఱియొక వింత వచ్చినది. దాని నూనెలో ఇనుపరజను కలిపియుండును. ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహింపగానే ఆ రజను అయస్కాంత బలమున గుమిగూడి, నూనె రెప్పపాటులోపల చిక్కబడును. మన దేశమున 2024 నవంబరులో మహీంద్రావారు వెలువరించిన విద్యుత్ కార్లలో పై తరగతివానికి తమంతట తాము సర్దుకొను షాక్ అబ్జార్బర్లు కలవు. మాబోటివారికి వానియందు ఎక్కుట మాట యటుంచి, పాతకారునకు అమర్చుకొను మోటార్ల పద్ధతియే గతి.

అమర్చునాడు మొదటి చిక్కు తెలిసినది. మా కారు షాక్ అబ్జార్బర్లకు అసలు మరలే లేవు. మరలేనిచోట మోటారు దేనిని త్రిప్పును? నాలుగింటిని తీసి మరలుగలవానిని వేయవలసివచ్చినది. ఈ మాట ముందే అడుగనివారికి వ్యయము రెట్టింపగును. పాతవానిని విప్పినపుడు వెనుక కుడివైపుదానిపై నూనె కాఱి, దుమ్ము అంటుకొని, జిడ్డుగట్టియుండుట చూచితిమి. అది ఎన్నినాళ్లనుండియో చచ్చియున్నదన్నమాట! మా అత్తగారు కూర్చుండెడి చోటు సరిగా దానిపైననే.

పరికరమున 0 మొదలు 16 వఱకు అంకెలున్నవి. మఱది హైదరాబాదు పోయిన పిదప మావారు దానిని 2వ అంకెపై నుంచిరి. ఎక్కువ మార్కులనగా ఎక్కువ గట్టిదనమని పంతులుగారి లెక్క కాబోలు. ఆ దినపు ప్రయాణమును తలచుకొన్న నాకిప్పటికిని గుండె దడదడలాడును. గట్టుమీది ప్రతి అలయు రాతిదెబ్బవలె తగిలినది. అత్తగారు ఇంటికి వచ్చి రెండు దినములు కూర్చుండలేకపోయిరి. "ఇంతసొమ్ము పోసి నన్ను చంపడానికేనటే?" అని నన్ను అడిగిరి. నేను బదులు చెప్పలేకపోతిని.

ఆ రాత్రి తొమ్మిదవ తరగతి చదువు మా అమ్మాయిచేత పరికరముతో వచ్చిన ఆంగ్లపు పుస్తకమును చదివించితిని. అది ఒక్కొక్క వాక్యమునకు అర్థము చెప్పుచుండ, మా నాన్నగారివద్ద పద్యమునకు అన్వయము కుదుర్చుకొన్నట్లు నేను ముందు వెనుకలు కలుపుకొంటిని. విషయము తేలినది. ఈ పరికరమున అంకె తగ్గినకొలది గట్టిదనము. 16 మిక్కిలి మెత్తన. మావారికి చూపగా, ఆయన కళ్లజోడు తుడుచుకొని, "అవును సుమీ" అని మాత్రమనిరి.

మఱునాడే నేను 16న పెట్టించితిని. అదియు పొరపాటే. గట్టుమీద సుఖముగనే యున్నది గాని, పెద్దరోడ్డుపై జొన్నాడ వంతెన నెక్కగానే కారు గోదావరిలో పంటువలె తేలియాడసాగినది. ఒక అతుకుపై లేచిన ఊపు అణగకముందే మఱియొక అతుకు వచ్చును. వేమగిరివద్ద కారు ఆపించి నేను వాంతి చేసికొంటిని. అత్తగారికి దెబ్బ తగులలేదు గాని అటునిటు ఊగుటచే నడుము పట్టుకొన్నది. మెత్తదనమే సుఖమని భ్రమించితిమి. దెబ్బ తగులకుండుట యొకటి, తగిలినది వెంటనే ఆఱుట యొకటి. రెండింటికిని పొత్తు కుదిరినపుడే నడుమునకు విశ్రాంతి. నాలుగైదు ప్రయాణములమీద గట్టుపై 12, పెద్దరోడ్డుపై 7 అని స్థిరపఱచితిమి. అత్తగారిని వెనుక చక్రములపైనుండి తెచ్చి, ముందు సీటును కొంచెము వాల్చి కూర్చుండబెట్టితిమి. రెండు ఇరుసులకు నడుమనున్న చోట కుదుపు తక్కువ.

దాపఱికము లేక చెప్పుచున్నాను. మాకు కలిగిన సుఖములో రూపాయికి పదణాల వంతు చచ్చిన షాక్ అబ్జార్బరును తీసివేయుటచేతను, చక్రములలో గాలిని సరిచేయుటచేతను వచ్చినదే. తోలువారి తలుపువద్ద అతికించిన చీటిలో వ్రాసినదానికంటె మేము ఎక్కువ గాలి కొట్టించుచుంటిమి. మోటార్లవలన వచ్చినది తక్కిన ఆఱణాలు. ధనము చాలనివారు మొదట ఆ పదణాలను చూచుకొనవలయును. కారు మూలను గట్టిగా అదిమి వదలుడు. ఒక్కమాఱు లేచి నిలిచినచో మంచిదే. రెండుమూడు మార్లు ఊగినచో షాక్ అబ్జార్బరు పని అయిపోయినదన్నమాట. మోకాలిలోతు గోతికి మాత్రము ఏ పరికరమును పనికిరాదు, నెమ్మదిగా పోవుటయే.

కొనదలచినవారు మఱి రెండు సంగతులు విచారింపవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనములలో మార్పులకు హద్దులు పెట్టుచున్నది. కావున రవాణా కార్యాలయమువారిని, భీమా సంస్థవారిని ముందే అడిగి, వారి మాట వ్రాతమూలకముగా తీసికొనుట మేలు. రెండవది నీరు. శ్రావణమున కాలువలు పొంగి రోడ్లపై పాఱు మన సీమలో తీగల అతుకులకు నీరు చొరని తొడుగులు లేకున్నచో మోటార్లు ఒక వానకాలము నిలుచుట కష్టము. మాకు ఒక అతుకు ఆషాఢములోనే పచ్చగా చిలుము పట్టినది. అమర్చినవాడు తొడుగు వేయుట మఱచెను, మేము చూచుకొనుట మఱచితిమి.

క్రిందటి నెల అత్తగారు తామే చేతికఱ్ఱ ఊని వచ్చి కారులో కూర్చుండిరి. కారు ఇంకను కదలలేదు. ముందరి పెట్టెవైపు చూచి, "ఏడు మీద ఉంచావేమే అమ్మాయి? గట్టు దాటేదాకా పన్నెండే గదా!" అనిరి.