గర్భిణులు చేపలు తినవచ్చునా?



మన గంజాం తీరంలోని తెలుగు పల్లెల్లో చేప లేని కంచం అరుదు. అటువంటి ఊళ్ళో ఒక అమ్మాయి నీళ్ళోసుకుందని తెలిస్తే చాలు, సలహాలు మొదలవుతాయి. చేప వేడి చేస్తుందని ఒకరంటారు. బిడ్డకు బలమని మరొకరంటారు. ఈ రెండింటి మధ్య డాక్టరుగారి మాట ఒకటి వచ్చి చేరుతుంది. ఆ మాట సగమే వినబడితే ఏమవుతుందో చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతితో మొదలుపెడతాను.

మా వీధి చివర ఉండే ఒక కోడలుపిల్లకు అయిదో నెల. అత్తగారు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. అక్కడి డాక్టరుగారు ఒడియాలో "బొడొ మాఛొ ఖాయిబొ నాహి" అన్నారట. అంటే పెద్ద చేపలు తినవద్దని. అత్తగారికి ఒడియా వచ్చు గాని, ఆ జనంలో, ఆ తొందరలో ఆమె చెవిన పడ్డది "చేప తినవద్దు" అన్న ముక్కే. ఆ రోజు నుంచి ఆ పిల్లకు చేప బంద్. మాంసం, గుడ్డు రోజూ కొనగలిగిన ఇల్లు కాదు. రెండు నెలలు చారన్నంతో, పచ్చడి మెతుకులతో గడిచాయి.

ఈ సంగతి తెలిసి, తరువాతిసారి నేనూ వాళ్ళతో వెళ్ళాను. నా ప్రశ్న విని డాక్టరుగారు ఆశ్చర్యపోయారు. "చేపలే తినవద్దని నేనెందుకంటాను? సముద్రంలో వేటాడే పెద్ద చేపలు వద్దన్నాను. చిన్న చేపలు తప్పకుండా తినమనండి" అన్నారు. డాక్టరు చెప్పింది తప్పు కాదు, అత్తగారు చేసింది అశ్రద్ధా కాదు. మాట సగం దారిలో జారిపోయింది, అంతే.

ఇంతకీ పెద్ద చేపలతో వచ్చిన చిక్కేమిటి? ఆ చిక్కు పేరు పాదరసం. బొగ్గు కాల్చినప్పుడు, కొన్ని కర్మాగారాల వ్యర్థాల నుంచి, కొంత ప్రకృతి సిద్ధంగానూ పాదరసం గాలిలోకి, నీటిలోకి చేరుతుంది. నీటి అడుగు బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసం అనే మరింత ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. బడిలో పిల్లలకు మేము చెప్పే ఆహారపు గొలుసు పాఠం ఇక్కడ పనికి వస్తుంది. నాచును పురుగు తింటుంది, పురుగును చిన్న చేప తింటుంది, చిన్న చేపలను పెద్ద చేప తింటుంది. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొద్దీ పాదరసం పోగుపడుతుంది. ఏళ్ళ తరబడి బతికి, ఇతర చేపలను వేటాడే చేప కండలో అది అన్నిటికన్నా ఎక్కువ. పులుసు పెట్టినా, వేపుడు చేసినా, తోలు తీసినా అది పోదు.

ఈ మిథైల్ పాదరసం తల్లి రక్తం నుంచి మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న మెదడును, నరాలను దెబ్బతీస్తుంది. జపానులోని మినమాత పట్టణం లోకానికి ఈ పాఠం నేర్పింది. అక్కడ ఒక రసాయన కర్మాగారం పాదరసాన్ని సముద్రపు అఖాతంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవారికి వచ్చిన జబ్బును 1956లో గుర్తించారు. కారణాన్ని ప్రభుత్వం 1968లో గాని అధికారికంగా ఒప్పుకోలేదు. తల్లి పైకి ఇంచుమించు ఆరోగ్యంగానే ఉండి, పుట్టిన బిడ్డ మాత్రం నరాల జబ్బుతో పుట్టిన ఉదంతాలు అక్కడ ఉన్నాయి. పాదరసం వాడకాన్ని అదుపు చేయడానికి చాలా దేశాలు 2013లో చేసుకొన్న ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు.

మనకూ ఇది దూరపు కథ కాదు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట, గంజాం దగ్గర, పాదరసం సాయంతో కాస్టిక్ సోడా తయారు చేసే కర్మాగారం కొన్ని దశాబ్దాలు నడిచింది. ఆ నదీముఖంలో పాదరసం చేరిన తీరును 1980లలో, 1990లలో శాస్త్రజ్ఞులు పరిశీలించి రాశారు. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. చేప ఏ నీటిలోది అని అడగడం కూడా అవసరమని గుర్తుచేస్తున్నాను.

అయితే చేపలు పూర్తిగా మానేస్తే గొడవ వదులుతుంది కదా అని మీరు అనవచ్చు. ఆ దారిలో వెళ్ళినవారి అనుభవం కూడా ఉంది. 2001లో అమెరికా ప్రభుత్వం గర్భిణులను కొన్ని చేపలు తినవద్దని హెచ్చరించింది. ఆ తరువాత అక్కడి మసాచుసెట్స్ రాష్ట్రంలో పరిశీలిస్తే, గర్భిణులు మొత్తంమీద చేపలు తినడమే తగ్గించారని 2003లో తేలింది. అంటే మా వీధి అత్తగారు విన్నట్టే వాళ్ళూ సగమే విన్నారు.

మానడం వల్ల నష్టం ఏమిటి? బిడ్డ మెదడుకు, కంటికి కావలసిన డి.హెచ్.ఏ. అనే మంచి కొవ్వు చేపల్లో ఉంటుంది. మాంసకృత్తులు, అయోడిన్, బి-12 విటమిన్ ఉంటాయి. ముల్లుతో సహా నమిలే చిన్న చేపల్లో కాల్షియం ఉంటుంది. ఇంగ్లాండులోని బ్రిస్టల్ ప్రాంతంలో సుమారు 11,900 మంది గర్భిణుల ఆహారాన్ని, తరువాత వారి పిల్లల ఎదుగుదలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 340 గ్రాముల కన్నా తక్కువ చేప తిన్న తల్లుల పిల్లల్లో, మాటలకు సంబంధించిన తెలివి పరీక్షలో వెనుకబడినవారు ఎక్కువగా కనిపించారు. ఇటువంటి ఒక్క పరిశీలనతోనే అంతా రుజువైపోదు. కాని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి పిలిచిన నిపుణులు కూడా చేప వల్ల కలిగే మేలును తల్లులకు నొక్కి చెప్పాలనే అన్నారు. అమెరికావారు సైతం తమ సలహాను మార్చుకొని, పాదరసం తక్కువగా ఉన్న చేపలను వారానికి రెండు మూడుసార్లు తినమని చెబుతున్నారు. ఒక్కొక్కసారికి అరచేయంత ముక్క, అంటే సుమారు 110 గ్రాములు.

ఇక మన బజారులోకి వద్దాం. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు, రొయ్యలు నిశ్చింతగా తినదగినవి. నెత్తళ్ళనే తమిళ సోదరులు నెత్తిలి అంటారు, కానాగంతలను కన్నడిగులు బంగుడె అంటారు. పేరు ఏదైనా చేప అదే. చెరువు చేపల్లో శీలావతి, బొచ్చె మంచివే. మన ఒడియా పొరుగువారు వీటినే రోహి, భాకురొ అంటారు. ఇక్కడ ఒక మెలిక గమనించండి. బొచ్చె అయిదు కిలోలు తూగినా వేటాడే చేప కాదు, నీటిలోని సన్నని జీవులను తిని పెరుగుతుంది. కనుక "పెద్ద చేప" అన్న మాట కూడా చాలదు. "ఇతర చేపలను వేటాడి తినే పెద్ద చేప" అనాలి.

మానవలసినవి సొర, కొమ్ముకోనాం, పెద్ద జాతి ట్యూనాలు. వంజరం కూడా వేటాడేదే. అమెరికావారు వద్దన్న కింగ్ మేకరెల్‌కు అది దగ్గరి చుట్టం. పెద్ద వంజరం ముక్క ఈ నెలల్లో ఎప్పుడో ఒకసారికి పరిమితం చేసుకోవడం మేలు.

సొర మాట వచ్చింది కనుక బాలింతల సంగతీ చెప్పాలి. పాలు పడతాయని బాలింతకు సొరపుట్టు చేసి పెట్టడం మన తీరంలో పాత ఆచారం. పెట్టేవారి ప్రేమను తప్పు పట్టలేం. అయితే పైన చెప్పిన జాగ్రత్త పాలిచ్చే తల్లులకూ వర్తిస్తుంది. పాలు పడేది బిడ్డ తరచుగా చీకడం వల్ల, తల్లి కడుపునిండా తిని, తగినన్ని నీళ్ళు తాగడం వల్ల. సొర బదులు నెత్తళ్ళ పులుసు పెట్టినా ఆ ప్రేమ ఏమీ తగ్గదు.

ఒంట్లో చేరిన మిథైల్ పాదరసం సగానికి తగ్గడానికే ఇంచుమించు ఏడెనిమిది వారాలు పడుతుంది. అందువల్ల బిడ్డ కావాలనుకొన్నప్పటి నుంచే ఈ జాగ్రత్త మొదలుపెట్టాలి. పోతే, చేపను లోపలి దాకా బాగా ఉడికించండి. ఎండలో ఐసు లేకుండా పడి ఉన్న చేప కొనకండి. ఉప్పు చేపలు మితంగా తినండి, రక్తపోటు ఉంటే డాక్టరును అడగండి. చేప కాలేయపు నూనెలో ఎ విటమిన్ మోతాదు ఎక్కువ, దానిని సొంతంగా వాడవద్దు.

చివరిగా ఒక్క మాట. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో వండే చేపల పేర్లు మీరే చెప్పండి. ఏ చేప, ఎంత, వారానికి ఎన్నిసార్లు అని మూడు ప్రశ్నలు అడగండి. భాష సరిగా రాకపోతే వచ్చినవారిని వెంట తీసుకువెళ్ళండి. ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. డాక్టర్లకూ నా మనవి ఒకటే. ఏది వద్దో చెప్పిన నోటితోనే ఏది తినాలో కూడా చెప్పండి.

మా వీధి కోడలుపిల్ల ఆ రోజు తిరుగు దారిలోనే ఆటో ఆపించింది. బజారులో గంపలో వెండిలా మెరుస్తున్న నెత్తళ్ళు చూసి, "ఇవి తినొచ్చు కదా టీచరమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగానే అత్తగారు బేరం మొదలుపెట్టింది.