మద్యపానము – దేహము, మనస్సు, దీక్ష

గోదావరి పాయల నడుమ తాడిచెట్టు లేని ఊరు అరుదు. గెల గీసి లొట్టి కట్టినచో జారెడు రసము తొలుత మిక్కిలి తియ్యగా నుండును. లొట్టి లోపల సున్నము పూసినచో అది నీరా, కాచినచో తాటిబెల్లము. సున్నము లేకున్నచో కంటికి కానరాని ఈస్టు ఆ చక్కెరను తిని, కొన్ని గంటలలోనే దానిని కల్లుగా మార్చును. కల్లులో ఆల్కహాలు నూటికి సుమారు 4, 5 పాళ్లు మాత్రమే. బ్రాందీ, విస్కీలలో 40 పాళ్లకు పైబడి యుండును.

త్రాగిన మద్యము కొంత కడుపు నుండియు, అధికభాగము చిన్న పేగు నుండియు రక్తములో చేరును. దానిని విరుచు భారము ముఖ్యముగా కాలేయముపై బడును. కాలేయమునకు తొందర లేదు. గంటకు 7 నుండి 10 గ్రాముల వరకు మాత్రమే కాల్చును. మజ్జిగ గాని, నిమ్మరసము గాని, నెత్తిన క్రుమ్మరించిన చన్నీరు గాని ఈ వేగమును పెంచజాలవు. ఏండ్ల తరబడి త్రాగువారి కాలేయమున మొదట క్రొవ్వు పేరుకొనును, పిదప వాపు, తుదకు గట్టిపడుట. మద్య పానీయములు క్యాన్సరు కారకములని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ణయించినది.

మద్యము హుషారు నిచ్చునని లోకుల భ్రమ. అది మెదడును మందగింపజేయు ద్రవ్యమే. ముందుగా నిద్రపోవునది మన వెనుకముందుల విచారణ. అందుచేత నోరు లేచును, బిడియము పోవును. అదే హుషారుగా తోచును.

ఇక మా ప్రాంతమునకు ప్రత్యేకముగా సంబంధించిన విషయ మొకటి కలదు. పూర్వము ఉత్తర సర్కారు జిల్లాలు బెరిబెరి వ్యాధికి పేరుపడినవి. మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యము, గంజి వార్చిన అన్నము ఇందుకు కారణము. తవుడుతో కొంత, గంజితో కొంత థయమిను అను బి1 విటమిను పోయెడిది. ఉప్పుడు బియ్యము తిను తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అరుదు. మద్యము సరిగా ఈ థయమినునే పేగులలో ఇంకనీయదు. పైగా త్రాగువాడు అన్నము మానును. దేహమున నిలువ యుండు థయమిను కొద్ది వారములకే చాలును. పులిసిన కల్లులో ఈస్టు వలన కొంత బి విటమిను ఉండుట నిజమే; బట్టీ పట్టిన మద్యములో అదియు లేదు.

థయమిను తరిగినచో నడక తూలును, చూపు నిలువదు, మాట తికమక పడును. దీనిని 1881లో వెర్నికె అను జర్మను వైద్యుడు వర్ణించెను. ఇంటివారు నిషాయే యనుకొని పరుండబెట్టుదురు. ఇదియే మాకు భయము గొలుపు సంగతి. వేళకు థయమిను సూదిమందు పడినచో మనిషి దక్కును. ఆలస్యమైనచో 1887లో కోర్సకోవ్ తెలిపిన మతిమరపు మిగులును: నిన్నటి మాట నిలువదు, లేని సంగతులు ఉన్నట్లు చెప్పును. నీరసించిన త్రాగుబోతునకు గ్లూకోజు సీసా ఎక్కించుట ఊళ్లలో పరిపాటి. గ్లూకోజునకు ముందుగానో, కనీసము దానితోపాటో థయమిను ఇచ్చుట అవసరము.

చట్టముల మాట క్లుప్తముగా చెప్పుదుము. 1948లో మద్రాసు రాష్ట్రమంతట నిషేధము వచ్చినది. రాజమహేంద్రవరమున న్యాయవాదిగా పేరొందిన ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము 1954లో ఈ నిషేధ సమస్యపైననే పడిపోయినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల ఉద్యమము పిదప 1993లో సారా, 1995లో సమస్త మద్యము నిషిద్ధమయ్యెను. 1997లో ఆ నిషేధము సడలినది.

చట్టము చేయలేనిదానిని గోదావరి జిల్లాలలో ఏటేట పెక్కుమంది 41 దినములు చేయుచున్నారు. అయ్యప్ప మాల వేసినవాడు మద్యము ముట్టడు. ఆత్మ యనునది శాస్త్రపు త్రాసులో తూగునది కాదు. కాని తనకు తానిచ్చుకొన్న మాటను నిలుపుకొను శక్తి ఆత్మబలమే యగుచో, అది త్రాగుడుతో చచ్చిపోలేదని ఈ దీక్షలు చూపుచున్నవి. తెల్లవారుజాము స్నానము, తోటివారి పొత్తు, ఊరివారు “స్వామీ” యని పిలుచుట – ఇవి యన్నియు తోడ్పడును. ఆ వారములలో కాలేయపు క్రొవ్వు కూడ తగ్గనారంభించును.

అయితే ప్రతిదినము విపరీతముగా త్రాగువాడు ఒక్కసారిగా మానుట ప్రమాదకరము. మొదటి దినముననే చేతులు వణకును, చెమట పట్టును. రెండు దినములలోపల మూర్ఛ రావచ్చును. పిదప లేనివి కనబడి, ప్రలాపము కలుగవచ్చును. దానిని ఆవేశమని గాని, గాలి సోకినదని గాని ఊరకుండినచో ప్రాణము పోవచ్చును. అట్టివారు మాల వేయుటకు ముందే ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుని చూచి, వణకు మందును, బి1 విటమినును పొందవలెను.

మాల తీసిన సాయంకాలమున మరియొక చిక్కు గలదు. 41 దినములలో దేహము పాత అలవాటును చాలవరకు మరచును. పూర్వపు కొలతనే త్రాగినచో నిషా పూర్వము కంటె మిక్కుటముగా ఎక్కును. వైద్యునితో మాటాడవలసిన రెండవ దినము అదియే. మాల తీయుటకు మునుపే ఆ ఏర్పాటు చేసికొనిన మేలు.